కాచిన పలక

నా టేబుల్ మీద కంప్యూటర్ పక్కనే ఒక పొడుగు నోటుబుక్కు ఉంటుంది. అంగడి ఖాతా పుస్తకం లాంటిది, ఎర్ర గుడ్డ అట్టది. ప్రతి పాటకూ ఒక పేజీ. పైన పాట పేరు, శ్రుతి, టెంపో. కింద ఒక్కో ట్రాకుకు ఒక్కో వరస: వేణువు ఏ ప్లగిన్‌లోది, అది ఎన్నో వెర్షన్, ఏ ప్యాచ్, పిచ్ బెండ్ ఎంతకు పెట్టాను, వేవ్ ఫైలు తీశానా లేదా. మదనపల్లెలో నా గదికి వచ్చే పిల్లలు దీన్ని చూసి "అన్నా, అంతా సెషన్‌లోనే సేవ్ అవతాది కదా, మళ్ళా రాసేదెందుకు?" అంటారు. సేవ్ అవుతుందనే నేనూ పదేళ్ళు నమ్మాను.

2009లో పుంగనూరు పక్క పల్లె నుంచి ఒకాయన వచ్చి సుగుటూరు గంగమ్మ మీద ఎనిమిది పాటలు చేయించుకున్నాడు. తానే రాసి, తానే పాడాడు. రెండు ఎకరాల మల్బరీ తోట ఆయనకు ఆధారం. గూళ్ళు అమ్మిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సీడీ వేసుకున్నాడు, ఆ అమ్మవారి జాతరలో పంచాడు. 2019లో జాతర ముగిసిన వారానికి మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట కూతురు. పాప బాగా పాడుతుంది, అవే పాటలు ఆమె గొంతుతో కావాలన్నాడు. పాత హార్డ్ డిస్క్ వెతికి తీసి మొదటి పాట సెషన్ తెరిచాను. ట్రాకులన్నీ ఉన్నాయి. రంగులు వేసిన వరసలు, నోట్లు ఎక్కడివక్కడ. ప్లే నొక్కితే ఆయన గొంతు, తాళాలు మాత్రం వినిపించాయి. అవి మైకు పెట్టి రికార్డు చేసినవి. మిగతా పదమూడు ట్రాకులు నోరు విప్పలేదు. ఆ వాయిద్యాలను చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతబడింది. అవి 32 బిట్ కాలానివి, నా కొత్త మిషన్ 64 బిట్‌ది. ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు నా దగ్గర లేదు.

"పాట పోయిందా సామీ?" అన్నాడాయన.

"పాట ఉందన్నా. పలికేది పోయింది" అన్నాను.

ఆ పూట నోటికి వచ్చిన ఆ మాట చుట్టూనే మా పని చరిత్ర అంతా తిరుగుతుందని తరవాత అర్థమైంది.

వర్చువల్ వాయిద్యం ట్రాకులో శబ్దం ఉండదు. ఏ మీట నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. నొక్కిన బలాన్ని 127 దాకా అంకెల్లో రాసుకుంటుంది. ఆ ఆదేశాలు చదివి ఇంకెవరో వాయించాలి. ఆ ఇంకెవరో పేరే ప్లగిన్. పాట మొత్తానికి ఆదేశాల ఫైలు చూస్తే కొన్ని కిలోబైట్లు. దాన్ని పలికించే వయొలిన్ల లైబ్రరీ కొన్ని గిగాబైట్లు. చీటీ ఒక చోట, వాయించేవాడు ఇంకో చోట. చీటీని భద్రంగా దాచి, వాయించేవాణ్ణి పోగొట్టుకున్నాను నేను.

ఈ చీటీ రాసే పని మా ఊళ్ళో కంప్యూటర్‌తో మొదలవలేదు. మదనపల్లెలో చదువుకున్న ప్రతి పిల్లవాడికీ ఆ సంగతి తెలుసు. 1915లో అనీబెసెంట్ పెట్టిన థియోసాఫికల్ కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాల్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చదివిన మనిషి, పియానో వాయించేవారు. ఠాగూర్ అక్కడి వాళ్ళ ముందు జనగణమన పాడారు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడిన పాటే అది. ఇంగ్లీషులోకి ఆయన స్వయంగా అనువదించి, అడుగున 1919 ఫిబ్రవరి 28 అని తేదీ వేశారు. మార్గరెట్ ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపిలోకి రాశారు.

కాలేజీ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ గది గుర్తుకొస్తుంది, చూసినట్టే. బెంగాలీ గొంతు ఒకటి జారుతూ, ఊగుతూ పాడుతోంది. ఎదురుగా ఒకావిడ ఐదు గీతల మీద చుక్కలు పెడుతోంది. ఏ స్వరం, ఎంత సేపు అన్నది కాగితం మీదికి వచ్చింది. గొంతులోని జారుడు ఎంత వచ్చి ఉంటుంది? ఆ సాయంత్రపు గొంతు మనకు మిగల్లేదు. చీటీ మిగిలింది. చీటీ మిగలడం చిన్న సంగతి కాదు. 1950 జనవరి 24న జాతీయ గీతమైన పాటను ఇవాళ పోలీసు బ్యాండు ఇత్తడి బూరలతో వాయిస్తుంది, బడిపిల్లలు గొంతులతో పాడతారు, వీణ మీదా వాయిస్తారు. రాసిన స్వరం ఏ వాయిద్యంలోకైనా దూరగలదు. మా ఆదేశాల ట్రాకుకు ఉన్న బలం అదే, బలహీనత అదే.

మా నాయన ఏ చీటీ రాసినవాడు కాదు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో వీధి నాటకాలకు హార్మోనిస్టు. మా వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం మిట్ట ఉంటుంది. ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు అక్కడ మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సుకు మానెక్కే రోజు, దుర్యోధనుడి వధ రోజు ఊళ్ళకు ఊళ్ళే కదిలొస్తాయి. నాయన పెట్టె ముందు కూర్చుంటే నేను వెనక కూర్చునేవాణ్ణి. వేషగాడు రాగం తీయగానే నాయన ముందు వెతికేది శ్రుతి. అర్ధరాత్రి దాటితే గొంతులు దిగిపోతాయి. మొదటి జాములో రెండున్నర శ్రుతిలో పాడినవాడు తెల్లవారుజాముకు ఒకటిన్నరకు వస్తాడు. నాయన మీటలు మార్చి పట్టుకునేవాడు, ఆపకుండా. ఇవాళ నేను ట్రాన్స్‌పోజ్ అని ఒక అంకె కొడతాను. ఆయన వేళ్ళతో చేసిన పనే అది.

హార్మోనియానికి గమకం లేదు. మీటకూ మీటకూ మధ్య ఏమీ పలకదు. రవీంద్రుడికి ఆ పెట్టె గిట్టలేదు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని బయట పెట్టింది, 1971 దాకా మళ్ళీ రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మా భారతం మిట్టల మీద అది మోగుతూనే ఉంది. తెల్లవార్లూ నలుగురు వేషగాళ్ళ గొంతులను మోయగలిగినది, ఎద్దుల బండి మీద వేసుకుని పోగలిగినది, వానకు తడిసినా మర్నాటికి పలికేది ఇంకేముంది? లేని గమకాన్ని నాయన తిత్తితో తెచ్చేవాడు. గాలిని కొంచెం ఆపి, కొంచెం వదిలి, స్వరాన్ని ఊపినట్టు అనిపించేవాడు. నిజంగా ఊగేది శబ్దం బలమే, స్వరం కాదు. చెవి మాత్రం నమ్మేది.

నేను 1990లో మదనపల్లెలో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. వినాయక చవితి, జాతరలు, పెళ్ళిళ్ళు. అప్పుడు చేతికొచ్చింది క్యాసియో. తరవాత యమహా, ఆ తరవాత రోలాండ్ ఎక్స్‌పీ 30. 1992లో 'రోజా' పాటలు వచ్చాక జనం మా వైపు చూసే చూపు మారింది. అంతకు ముందు గాయకుణ్ణి చూసేవాళ్ళు. ఇప్పుడు "ఆ సౌండు కొట్టప్పా" అని కీబోర్డు దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఆ కీబోర్డుల వెనక అయిదు పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. మిడీ. 1983 జనవరిలో అమెరికాలో సంగీత పరికరాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికేట్టు చేసి చూపించారు. ఒకటి సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్ 600, ఇంకోటి రోలాండ్ జూపిటర్ 6. ఇందుకు కారకులైన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. పోటీ కంపెనీలు ఒక భాషకు ఒప్పుకున్నాయి కాబట్టే మదనపల్లెలో ఉన్న నేను ఎవరో చేసిన వాయిద్యాన్ని ఇంకెవరో చేసిన మీటలతో పలికిస్తున్నాను.

1991లో జనరల్ మిడీ అని ఒక పట్టిక వచ్చింది. 128 వాయిద్యాలకు నంబర్లు. మొదటిది పియానో, 105 సితార్, 112 షెహనాయి. పదో ఛానల్ డ్రమ్ములకు. ఆ పట్టిక నాకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. అందులో వీణ లేదు, నాదస్వరం లేదు, మృదంగం లేదు. జాతరలో పుల్లలతో కొట్టే మా తోలు వాద్యం పలక సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్ళిలో నాదస్వరం కావాలంటే షెహనాయి మీద పెట్టి, పిచ్ బెండ్ చక్రాన్ని ఎడమ చేత్తో తిప్పుతూ తిప్పలు పడేవాణ్ణి. ఆ చక్రం మాత్రం నాకు దొరికిన వరం. మీటకూ మీటకూ మధ్యకు వెళ్ళే దారి. మిడీలో దానికి 16,384 మెట్లు. నాయన ఒకసారి నా కీబోర్డు దగ్గర కూర్చుని, పాట ఏదీ వాయించకుండా, ఒక్క గాంధారం నొక్కి పెట్టి ఆ చక్రాన్ని చాలాసేపు అటూ ఇటూ ఊపాడు. ఏమీ అనలేదు.

2004లో బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు పోయి కంప్యూటర్ సామాన్లు కొని, చింతామణి మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్. అంతదాకా ట్రాకు చేయించాలంటే బెంగుళూరో, మద్రాసో పోవాలి. తబలా ఆయనకు ఇంత, వేణువు ఆయనకు ఇంత, స్టూడియోకు గంటకింత. పల్లెలో పాట రాసుకున్నవాడికి అది అందే పని కాదు.

అందుబాటులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ 1996లో క్యూబేస్ వీఎస్టీ అని తెచ్చింది. మిక్సరు, ఎఫెక్టులు అన్నీ కంప్యూటర్ లోపలే. 1999లో వాయిద్యాలను కూడా అలా లోపల పెట్టే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిని వాళ్ళు అందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా ఒక వాయిద్యం రాసి ఇవ్వొచ్చు. 1998లో గిగాశాంప్లర్ శబ్దాలను మొత్తం ర్యామ్‌లోకి ఎక్కించకుండా హార్డ్ డిస్క్ నుంచే అప్పటికప్పుడు చదవడం నేర్పింది. 2002లో కాంటాక్ట్ అనే శాంప్లర్ వచ్చింది. బెల్జియంలో పుట్టిన ఫ్రూటీలూప్స్ 2003లో ఎఫ్ఎల్ స్టూడియోగా పేరు మార్చుకుని చిన్న ఊళ్ళ కుర్రాళ్ళందరి మిషన్లలోకీ చేరింది. ఇవన్నీ నాకు పదేళ్ళలో అందిన మెట్లు.

ఈ పని ఇక్కడ నిలబడడానికి మా ఊరికి సంబంధించిన కారణం ఇంకొకటుంది. నా గది టమోటా మార్కెట్ దారిలో ఉంది. సీజన్‌లో రాత్రింబవళ్ళు లారీలు. మైకు పెట్టి వేణువు రికార్డు చేస్తే వెనక లారీ హారన్ పడుతుంది. గోడలకు దుప్పట్లు కట్టి చూశాను, గుడ్ల అట్టలు అంటించి చూశాను. వర్చువల్ వాయిద్యానికి నిశ్శబ్దం అక్కర్లేదు. అది గదిలో మోగదు కదా. గొంతు ఒక్కటి లారీలు తగ్గిన రాత్రి రెండు గంటలకు రికార్డు చేసుకుంటే చాలు. స్టూడియో కట్టే స్థోమత లేని ఊళ్ళో ఈ పని నిలబడిందంటే అందుకే.

నిలబడ్డాక కష్టం ట్రాకులను మేపడం. నేను మేపడం అనే అంటాను. ఒక్కో వాయిద్యం తెరిచినప్పుడల్లా కొంత ర్యామ్ తింటుంది, కొంత ప్రాసెసర్ తింటుంది. 512 ఎంబీలో ఆరో వాయిద్యానికే గొంతు బిగుసుకుపోయి టకటక మనేది. శబ్దాన్ని కాస్త ముందే పోగుచేసుకునే బఫర్‌ను 1024 శాంపిళ్ళకు పెడితే టకటక పోతుంది, కానీ మీట నొక్కిన 23 మిల్లీసెకండ్లకు పైనే గాని శబ్దం రాదు. హార్మోనియం దగ్గర పెరిగిన వేలికి ఆ ఆలస్యం తెలుస్తుంది. వెనక ఎవరో చొక్కా పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. అందుకని వాయించేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగప్పుడు పెంచేవాణ్ణి. వాయించడం అయిపోయిన ట్రాకును వెంటనే ఫ్రీజ్ చేసేవాణ్ణి. ఫ్రీజ్ అంటే ఆ వాయిద్యం చేత ఒకసారి మొత్తం వాయింపించి, ఆ శబ్దాన్ని ఫైలుగా దాచి, వాయిద్యాన్ని ఇంటికి పంపేయడం. మళ్ళీ స్వరం మార్చాలంటే పిలుచుకోవచ్చు.

కొందరు ఒకే ప్లగిన్ తెరిచి అందులో పదహారు ఛానళ్ళలో పదహారు వాయిద్యాలు పెడతారు. ర్యామ్ కొంచెం కలిసొస్తుంది. నేనూ కొన్నేళ్ళు అట్లాగే చేశాను. ఇప్పుడు వద్దంటాను. ఒక్కణ్ణి ఫ్రీజ్ చేయాలంటే పదహారుమందినీ ఆపాలి, ఏ శబ్దం ఏ దారిన బయటికొస్తుందో నెల తరవాత మనకే తెలియదు. ఒక ట్రాకు, ఒక వాయిద్యం, ఒక పేరు. 'ట్రాక్ 7' అని వదిలేస్తే అది మనకు శత్రువవుతుంది.

ఆదేశాల ట్రాకును పారేయకూడదనీ అదే కాలంలో నేర్చుకున్నాను. కుప్పం వాళ్ళు పాట చేయించుకుంటే మూడు భాషల్లో చేయించుకుంటారు. ఆ ఊరి నుంచి అటు పోతే తమిళనాడు, ఇటు పోతే కర్ణాటక. ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం పెట్టింది ఊరికే కాదు అక్కడ. గంగమ్మ పాట తెలుగులో ఒకరు పాడతారు, తమిళంలో ఇంకొకరు, కన్నడంలో మరొకరు. ట్రాకు ఒకటే, గొంతులు మూడు. మూడు గొంతులకు మూడు శ్రుతులు. శబ్దాన్నే దాచిన వేవ్ ఫైలును అర స్వరం దించితే వేణువుకు జలుబు చేసినట్టుంటుంది. ఆదేశాల ట్రాకునైతే ఎంతైనా దించు, వాయిద్యం కొత్తగా పలుకుతుంది.

అందులో ఒక గుంట ఉంది. మొదటిసారి నేను పడ్డాను. అన్ని ట్రాకులూ ఎంచుకుని ఒక అర స్వరం పైకి జరిపాను. పాట ప్లే చేస్తే కిక్ డ్రమ్ పడాల్సిన చోటల్లా 'టిక్ టిక్' మని చెక్క చప్పుడు. డ్రమ్ములలో మీట అంటే స్వరం కాదు, ఒక్కో మీట ఒక్కో వాయిద్యం. 36 కిక్, 37 డ్రమ్ము అంచు మీద పుల్ల దెబ్బ. ఒకటి జరిపితే మనిషే మారిపోతాడు. అప్పటి నుంచీ నా సెషన్లలో తాళవాద్యాలన్నీ ఎర్ర రంగులో, వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. శ్రుతి మార్చేటప్పుడు ఎరుపును ముట్టుకోను.

ఇన్ని నేర్చుకున్నవాణ్ణి, 2009 పాటలకు ఒక్క వేవ్ ఫైలు తీసి దాచలేదు. అప్పుడు డిస్క్ ఖరీదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో నిమిషానికి 17 ఎంబీ పైనే. ఇరవై ట్రాకుల నాలుగు నిమిషాల పాట దాదాపు 1.4 జీబీ. ఎనిమిది పాటలంటే భయపడి, ఫ్రీజ్ ఫైళ్ళు కూడా చెరిపేసి చోటు చేసుకున్నాను. ఆ పాటలు చేయించుకున్నాయన నా ఎదుట కూర్చుని ఉన్నప్పుడు ఆ 11 జీబీలు నా కళ్ళ ముందు తిరిగాయి.

వేరే వాయిద్యాలు పెట్టి ఆ పాటలు మళ్ళీ కడతానని మాటిచ్చాను. వేణువు దొరికింది, వయొలిన్లు దొరికాయి. తాళవాద్యం దగ్గర ఆగిపోయాను. 2009లో నేను ఢోలక్ పెట్టాను. నోట్లు చూస్తే ఆ నడక ఢోలక్‌ది కాదు, పలకది. చిన్నప్పుడు జాతరలో విన్న దరువును వేళ్ళు రాసేశాయి. లైబ్రరీలో పలక లేదు గనక ఢోలక్ చేత పలికించాను. ఇప్పటికీ ఏ లైబ్రరీలోనూ మా పలక నాకు దొరకలేదు.

మే నెలలో కుప్పం గంగమ్మ జాతర అయ్యాక, ఆ దగ్గరి పల్లెలో పలక వాయించే పెద్దాయన ఇంటికి మైకులు తీసుకుని పోయాను. లారీలు లేని చోటు, చింతతోపు. రెండు పుల్లలు ఆయనకు, ఒకటి లావుది, ఒకటి సన్నది. మధ్యలో దెబ్బ, అంచున దెబ్బ, రెండు పుల్లలూ కలిపి, చేత్తో చర్మం అదిమి, సన్నపుల్ల ఒక్కటే: అయిదు రకాలు. ఒక్కోటి నాలుగు బలాల్లో, ఒక్కో బలం ఆరేసి సార్లు. మొత్తం 120 దెబ్బలు. ఆరుసార్లు ఎందుకంటే, ఒకే దెబ్బ మళ్ళీ మళ్ళీ వినిపిస్తే కుట్టు మిషన్ చప్పుడులా ఉంటుంది. మనిషి ఏ రెండు దెబ్బలూ ఒకేలా కొట్టడు.

రెండు గంటల్లో అయిపోతుందనుకున్నాను. ఎండు కొబ్బరాకులు మంట వేసి పలకను కాచాడు. ఖంగుమంది. ఇరవై దెబ్బలయ్యేసరికి ఆయనే ఆపాడు.

"సల్లారింది నాయినా. గొంతు పడిపోయింది."

నాకు తెలియలేదు. ట్యూనర్ పెట్టి మొదటి దెబ్బనూ ఇరవయ్యో దెబ్బనూ పోల్చాను. దగ్గర దగ్గర అర స్వరం దిగింది. ఆయన చెవి నా ట్యూనర్ కంటే ముందే పట్టింది. మళ్ళీ కాచాడు. పది పన్నెండు దెబ్బలకోసారి కాచుకుంటూ పోతే సాయంత్రమైంది. చివర నేనే అడిగాను, చల్లారిన పలకను కూడా కొట్టమని. ఎందుకన్నాడు. జాతరలో తెల్లవారుజామున అట్లాగే కదా మోగేది అన్నాను. నవ్వి, ఆ 120 మళ్ళీ కొట్టాడు. రెండింటినీ రెండు వాయిద్యాలుగా చేశాను: 'కాచిన పలక', 'చల్లారిన పలక'. ఇద్దరం మాట్లాడుకున్న డబ్బు ఇచ్చాను. ఫైలు పేరులో ఆయన పేరు కలిపాను. ఎవరికి ఇచ్చినా ఆ పేరుతోనే పోతుంది.

2009 నోట్లను పలక మీదికి మార్చడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఢోలక్ మీటలు వేరు, నా పలక మీటలు వేరు. ఒక్కో దెబ్బనూ దాని చోటికి జరపాలి. పాటల్లో జాతర మొదలయ్యే చరణాలకు కాచిన పలక, ఊరేగింపు ముగిసే చరణాలకు చల్లారిన పలక. పాప పాడింది. వాళ్ళ నాయన గది బయట లారీల మధ్య నిలబడి తలుపు సందులోంచి విన్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. అన్ని ట్రాకులకూ వేవ్ ఫైళ్ళు తీశాను, ఆదేశాల ఫైళ్ళు వేరే తీశాను, రెండు డిస్కుల్లో పెట్టి ఒకటి ఆయన చేతికే ఇచ్చాను.

కాచిన పలక అంచు దెబ్బ, మూడో బలం, నాలుగో సారి. దాని వెనక కొబ్బరాకు మంట చిటపట వినిపిస్తుంది. మైకు పక్కనే మంట ఉంది, ఆరకముందే ఆయన కొట్టేశాడు. ఆ చప్పుడు తీసేయడం రెండు నిమిషాల పని. నోటుబుక్కులో ఆ వరస పక్కన రాసి పెట్టాను: మంట చప్పుడు ఉంది, తియ్యొద్దు.